పోచమ్మ ఒప్పుకున్న పర్మిషన్

మున్సిపాలిటీ తోటల విభాగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. వాళ్లు మొదట అడిగేది ఒకటే: మొక్కల గురించి చదువుకుని వచ్చాం, ఇక్కడ పొద్దంతా మనుషులతో ఈ పంచాయితీలేమిటి సార్ అని. నాకు నవ్వాగదు. నాయనా, ఆ పంచాయితీలే ఉద్యోగం. మొక్కలు నాటించడం, నీళ్లు పోయించడం ఎవరైనా చేస్తారు. చెట్టును కొట్టేయమని ఒకరు, కొడితే ఊరుకునేది లేదని ఇంకొకరు నీ బల్లకు చెరోవైపు నిలబడ్డప్పుడు ఏం చేస్తావన్నదే అసలు పని. దాన్ని ఏ కాలేజీలోనూ చెప్పరు కాబట్టి నాకు తెలిసింది రాసిపెడుతున్నాను.

నాది వర్ధన్నపేట దగ్గరి పల్లె. వ్యవసాయం చదివి డెబ్బైలలో ఈ ఉద్యోగంలో చేరాను. మా పల్లెలో చెట్టు ఎవరి చెలకలో ఉంటే వారిదే, గొడ్డలి చేతికి తీసుకుంటే సరిపోయేది. వరంగల్ పట్నంలో అలా కుదరదు. బాట పక్కనున్న పెద్ద చెట్టు మీద చెయ్యి వేయాలంటే మున్సిపాలిటీ పర్మిషన్ కావాలి. పర్మిషన్ దొరికితే ఒక చెట్టుకు బదులు రెండు నాటి, వాటిని బతికించాకే కొట్టాలి. నాటడం వరకు అందరూ సంతోషంగా ఒప్పుకునేవారు. బతికించడం అనే మాట దగ్గరికి వచ్చేసరికి ముఖాలు పక్కకు తిరిగేవి.

ఖాదర్ సాబ్ మధ్యాహ్నాలు

నా మొదటి పై అధికారి ఖాదర్ సాబ్, తోటల సూపరింటెండెంటు. భారీ మనిషి. నోట్లో ఎప్పుడూ పాన్ ఉండేది, కోపంగా ఉన్నా నవ్వుతున్నట్టే కనిపించేవారు. నేను చేరిన కొత్తలో దరఖాస్తు రాగానే పొద్దున్నే చల్లగా వెళ్లి చెట్టును చూసి వచ్చేవాణ్ని. ఆయన ఆ పద్ధతి మాన్పించారు. చూడాలంటే మిట్టమధ్యాహ్నం వెళ్లమన్నారు. నా మీద కోపంతో వేసిన శిక్షేమో అనుకుని మొహం ముడుచుకున్నాను.

"దరఖాస్తు పెట్టినోడు ఒక్కడే నర్సింలూ. నీడల కూసున్నోళ్లు ఎందరున్నరో చూసినవా? వాళ్లనడగకుంట ఫైసలా ఎట్ల చేస్తవ్?" అన్నారాయన.

అప్పటి నుంచి మధ్యాహ్నం పూటే వెళ్లేవాణ్ని. నీడ ఎంతవరకు పడుతోందో సుద్దతో నేల మీద గీసుకుని, ఆ గీత లోపల ఉన్నవారందరితో మాట్లాడేవాణ్ని. కూరగాయల గంపలవాళ్లు, రిక్షావాళ్లు, ఊరికే కూర్చున్న ముసలివాళ్లు, ఎవరైనా సరే. చెట్టు గురించి యజమానికి తెలియని సంగతులు వాళ్ల దగ్గర దొరికేవి.

కాజీపేటలో సొంత ఇల్లు కట్టుకున్న ఒక రైల్వే గార్డుగారు వాకిట్లోని నేరేడు చెట్టు వల్ల గోడ పగులుతోందని, కొట్టించమని రాసుకున్నారు. వెళ్లి చూస్తే గోడ నిక్షేపంగా ఉంది. అసలు సంగతి ఆయన భార్య చెప్పింది. దండెం మీద ఆరేసిన తెల్ల యూనిఫారం మీద పండ్లు రాలి ఊదారంగు మరకలు పడుతున్నాయట. డ్యూటీకి పోతే తోటివాళ్లు ఆటపట్టిస్తున్నారట. ఖాదర్ సాబ్ అక్కడికక్కడే దండెం విప్పించి ఇంటి వెనక్కి కట్టించారు. ఆ కాతంతా అయిపోయేదాకా గార్డుగారు మా ఆఫీసుకు నేరేడు పండ్లు పంపిస్తూనే ఉన్నారు.

ఇంత మంచి మనిషిలో నాకు నచ్చని గుణం కూడా ఒకటుంది. ఆయన ఏదీ ఒక పట్టాన తేల్చేవారు కాదు, నానబెట్టేవారు. దరఖాస్తు పెట్టినవాడు తిరిగి తిరిగి విసిగి రావడం మానేస్తే, చెట్టు బతికిపోయింది కదా అని సంబరపడేవారు. చెట్టు బతికేది నిజమే. కానీ నిజంగా ఇబ్బందిలో ఉన్నవాడు కూడా అబద్ధాలరాయుళ్లతో పాటు అదే వరుసలో నానేవాడు. మీరు పెద్ద కుర్చీలోకి వెళ్లాక ఈ ఒక్క అలవాటు మాత్రం చేసుకోకండి. కాదనాలనుకుంటే కాదని మొహం మీదే చెప్పేయండి.

సేటు దరఖాస్తు

ఎనభైలు మొదలైన రోజుల్లో వరంగల్ బజారులో కిరాణా దుకాణం నడిపే విశ్వనాథం సేటు మా దగ్గరికి వచ్చాడు. దుకాణం ముందున్న వేపచెట్టుకు తొర్ర పడిందని, పెద్ద కొమ్మ ఒకటి దుకాణం మీదికి వంగిందని, పర్మిషన్ ఇస్తే తీయించి బదులు మొక్కలు తనే నాటిస్తానని చెప్పాడు. వ్యాపారస్తుడు చెట్టు తీయమన్నాడంటే దుకాణాన్ని ముందుకు జరుపుకోవడానికేనని మా ఆఫీసులో అందరి నమ్మకం. నేను కూడా అలాగే అనుకుంటూ ఎండలో బయల్దేరాను.

ఆ వేప కింద ఒక ఇస్త్రీ బండి ఉంది. దాన్ని నడిపేది మల్లయ్య, ఎల్లవ్వ అనే భార్యాభర్తలు. ఎల్లవ్వ చుట్టుపక్కల గల్లీలన్నీ తిరిగి బట్టలు తెచ్చేది, మడతలు పెట్టేది, మళ్లీ ఇచ్చి వచ్చేది. మల్లయ్య బండి దగ్గర నుంచి కదలకుండా ఇస్త్రీ చేసేవాడు. నిప్పుల పెట్టె చేతిలో పట్టుకుని నిలబడే పని. నెత్తి మీద ఎండ కూడా ఉంటే మనిషి తట్టుకోలేడు. అంతకు ముందు ఏడాది చెట్టు ఆకు రాల్చిన రోజుల్లోనే మల్లయ్యకు వడదెబ్బ తగిలి దవాఖానలో పడ్డాడట. వాళ్లకు ఆ నీడే దుకాణం.

నేను చెట్టు మొదలును చుట్టూ కొట్టి చూశాను. సేటు దుకాణం వైపు డొల్ల శబ్దం వచ్చింది, బండి ఉన్న వైపు మాత్రం గట్టిగానే ఉంది. సేటు చెప్పింది నిజమే. మేమంతా ఆయన్ని అనవసరంగా అనుమానించాం. చెట్టు ఇప్పటికిప్పుడు పడిపోదు గానీ ఎల్లకాలం నిలవదు.

ఎల్లవ్వ మడతలు పెట్టడం ఆపి నా దగ్గరికి వచ్చింది. కొడతారా అని అడిగింది. ఇప్పుడే కాదు, ముందు కొత్త మొక్కలు నాటాలి, అవి బతికాకే దీని జోలికి వస్తామని చెప్పాను. కొత్త మొక్క నీడనివ్వడానికి ఎన్నేళ్లు పడుతుందని అడిగింది. నాలుగైదేళ్లు అన్నాను.

"గన్నేండ్లు మేం ఏడ నిలవడాలె సారూ?"

మా రూల్సులో చెట్టుకు బదులు చెట్టు అని ఉంది. నీడకు బదులు నీడ అని ఎక్కడా లేదు. ఏదో ఒకటి ఆలోచిద్దాం, ఫికర్ చేయకు అని చెప్పి వచ్చేశాను. ఆఫీసులో వాళ్ల గురించి కూడా రాసి ఇస్తే, ఖాదర్ సాబ్ తన అలవాటు ప్రకారం దాన్ని నానబెట్టారు.

బొట్టు పెట్టిన చెట్టు

ఆఫీసరు ఆలోచిస్తానని చెప్పి వెళ్లిపోతే నమ్మడానికి ఎల్లవ్వ అమాయకురాలు కాదు. ఆ తర్వాతి ఆదివారం నేను అటుగా వెళుతుంటే వేపచెట్టు వెలిగిపోతోంది. మొదలుకు నిండుగా పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, పసుపు గుడ్డ చుట్టి ఉంది. కింద ఒక రాయి నిలబెట్టి దానికీ బొట్టు పెట్టారు. ఎల్లవ్వ ఏమీ ఎరగనట్టు చొక్కా మడత పెడుతోంది. పోచమ్మ తల్లి కలలోకి వచ్చి ఈ చెట్టులోనే ఉన్నానని చెప్పిందని నా ముఖం చూడకుండా అంది. మల్లయ్య మాత్రం నవ్వు దాచుకోలేక అటు తిరిగాడు. నాకు ముచ్చటేసింది. మా ఆఫీసు మొత్తం కలిసినా చేయలేని రక్షణ ఆమె ఒక్క పసుపు పొట్లంతో చేసుకుంది.

అయితే ఆ రక్షణ ఆమె అనుకున్నదానికన్నా బాగా పనిచేసింది. శ్రావణం వచ్చేసరికి గల్లీ ఆడవాళ్లు బోనాలు తెచ్చారు, డప్పులు మోగాయి. రాయి కింద గద్దె లేచింది, చెట్టు తొర్రలో దీపాలు వెలిగాయి, చూసుకోవడానికి ఆడవాళ్లే ఒక కమిటీ పెట్టుకున్నారు. సేటు మొదట్లో తల పట్టుకున్నాడు. తర్వాత దుకాణం ముందర కొబ్బరికాయలు, కర్పూరం, ఊదుబత్తులు పెట్టాడు. ఆ పైన మా ఆఫీసుకు వచ్చి దరఖాస్తు వాపసు ఇమ్మన్నాడు. మరి దుకాణం మీదికి వంగిన కొమ్మ సంగతేమిటని అడిగితే, అది అమ్మవారి చెయ్యి సార్, మా మీద పెట్టింది అన్నాడు. ఖాదర్ సాబ్ ఆ రోజంతా ఆ మాట చెప్పుకుని నవ్వారు.

ఆ తర్వాత జరిగింది నవ్వుకునేది కాదు. అమ్మవారి ముందు ఎవరెవరో విడిచిన బట్టల మూటలు పెట్టుకుని ఇస్త్రీ చేయడమేమిటని కమిటీలో ఒక పెద్దావిడ అంది. నలుగురూ అవునన్నారు. ఎవరూ తిట్టలేదు, కసరలేదు, మర్యాదగానే బండిని బాట అవతలికి జరిపించారు. అవతల వైపు ఆకు నీడ కూడా లేదు. తను పెట్టిన బొట్టే కాబట్టి ఎల్లవ్వ నోరెత్తలేకపోయింది. చలికాలం ఎలాగో గడిచింది. ఎండలు ముదిరాక మల్లయ్య పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తప్ప పని చేయలేకపోయాడు. బట్టలు ఆలస్యమై గిరాకీలు వేరే బండ్లకు వెళ్లిపోయాయి. మిగిలినవాళ్లనైనా పోగొట్టుకోకూడదని ఒక మధ్యాహ్నం మొండికేసి నిలబడి, కళ్లు తిరిగి నిప్పుల పెట్టె పక్కనే పడిపోయాడు. మళ్లీ దవాఖాన.

అక్కడి నుంచే ఎల్లవ్వ నేరుగా మా ఆఫీసుకు వచ్చింది.

"ఆ చెట్టు కొట్టేయుండ్రి సారూ. బొట్టు పెట్టింది నేనే, తీసేయమనేది గూడ నేనే," అంది.

"పెట్టేదాంకనే నీదమ్మా. పెట్టినంక అందరిది," అని ఖాదర్ సాబ్ నవ్వారు.

ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఎల్లవ్వ కళ్లు తుడుచుకోవడం చూశాక ఆయనకూ నచ్చలేదు కాబోలు, లేచి వెళ్లి పాన్ ఉమ్మి వచ్చి, ఆమెకు కుర్చీ వేయించారు. మల్లయ్యకు ఎలా ఉందని అడిగారు. ఇంకోసారి ఇలా అయితే మనిషి దక్కడని డాక్టరు అన్నాడట. నేను ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు.

ఆ వారంలోనే గాలిదుమారం లేచి, అమ్మవారి చెయ్యి అనుకున్న కొమ్మ విరిగి సేటు రేకుల పందిరి మీద పడింది. కొబ్బరికాయలు బాటంతా దొర్లాయి. అదృష్టం, మనుషులెవరికీ ఏమీ కాలేదు. వెళ్లి చూస్తే తొర్రలో పెట్టిన దీపాలకు చెట్టు లోపలంతా మాడి ఉంది. భక్తితోనే చెట్టును సగం చంపేశారు. ప్రమాదం కాబట్టి కొత్త మొక్కల కోసం కూడా ఆగలేదు. ఖాదర్ సాబ్ నానబెట్టకుండా పర్మిషన్ మీద సంతకం పెట్టడం నేను చూసింది ఆ ఒక్కసారే. కానీ ఏం లాభం? చెట్లు కొట్టేవాళ్లు గొడ్డళ్లు, మోకులు పట్టుకుని వచ్చారు, పసుపు గుడ్డను చూశారు, చెప్పులు విప్పి దండం పెట్టుకుని వెనక్కి వెళ్లిపోయారు. కమిటీ ఆడవాళ్లు మాత్రం ఒక దారి చూపించారు. అమ్మ ఒప్పుకుంటే మాకేం అభ్యంతరం లేదు, వచ్చి అమ్మనే అడగండి అన్నారు.

అమ్మవారిని అడగడం

అడగాలంటే శివసత్తి లచ్చవ్వను పిలవాలి. పూనకం వచ్చినప్పుడు అమ్మవారు ఆమె నోటితో మాట్లాడుతుందని ఆ గల్లీలన్నిటికీ నమ్మకం. మున్సిపాలిటీ తరఫున ఎవరడగాలన్న ప్రశ్న వచ్చింది. చదువుకున్నవాడివి నువ్వే వెళ్లు, నేను వెనక ఉంటానని ఖాదర్ సాబ్ నన్ను ముందుకు తోశారు. అన్నట్టే వచ్చి, తలకు రుమాలు కట్టుకుని, చెప్పులు దూరంగా విడిచి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

డప్పు మొదలైంది. లచ్చవ్వ జుట్టు విరబోసుకుని, రెండు చేతుల్లో వేపమండలు పట్టుకుని ఊగుతోంది. పెద్ద పెద్ద ఆఫీసర్ల ముందు నిలబడి మాట్లాడినవాణ్ని, ఆ వేళ ఖాదర్ సాబ్ వెనక నుంచి తోస్తే గానీ అడుగు ముందుకు వేయలేదు.

"ఏంది బిడ్డా, నన్ను ఎల్లగొట్టేతందుకు వచ్చినవా?"

లేదు తల్లీ అన్నాను. చెట్టు లోపల మాడిపోయింది, పిల్లాజెల్లా తిరిగే చోటు, మీద పడితే ప్రాణాలు పోతాయి అన్నాను. బాట పక్కనున్న నీళ్ల బోరింగు దగ్గర వేరే వేపమొక్క నాటుతాం, దయచేసి అక్కడికి రమ్మని వేడుకున్నాను.

"మొక్క పెట్టి, దాని కింద నన్ను ఎండల నిలవడుమంటవా?"

జనం నవ్వారు. ఎల్లవ్వ నన్ను మొదటి రోజు అడిగిందీ అదే కదా. మొక్క పెరిగిందాకా ఈ చెట్టును మొదలంటా కొట్టం, బరువున్న కొమ్మలు మాత్రం తీసి ఆపుతాం, ఎంత పెరగాలో నువ్వే చెప్పు తల్లీ అన్నాను. బోనమెత్తుకున్న ఆడమనిషంత ఎత్తు కావాలని, అప్పుడు వస్తానని అంది. బతికిన తర్వాతే కొట్టాలన్న మన రూలే అమ్మ కూడా చెప్పిందని ఖాదర్ సాబ్ నా వెనక మురిసిపోతున్నారు.

పని అయిపోయింది, ఇక నేను వెనక్కి రావచ్చు. కానీ గుంపు చివర ఎల్లవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. మొక్క అంత ఎత్తు పెరగాలంటే ఎన్ని ఎండాకాలాలు కావాలో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. అప్పటిదాకా ఇస్త్రీ బండి ఎక్కడ పెట్టుకోవాలి తల్లీ అని అడిగేశాను. కమిటీ ఆడవాళ్లు నన్ను కొరకొరా చూశారు. లచ్చవ్వ ఊగడం ఆపి, చేతిలోని వేపమండను ఎల్లవ్వ వైపు చాపింది.

"నాకు తొలుత బొట్టు పెట్టిందెవలు? ఆ బిడ్డ మొగడు ఎండల పడిపోతాంటె నాకు ఈడ సల్లగుంటదా? తెచ్చి నా పక్కన పెట్టుండ్రి," అంది.

ఎదురు చెప్పినవారు లేరు. ఆ మధ్యాహ్నమే కమిటీ ఆడవాళ్లు తలో చెయ్యి వేసి బండిని తోసుకుంటూ నీడలోకి తెచ్చారు. పెద్దావిడ అందరికన్నా ముందు నిలబడి తోసింది. ఎల్లవ్వ ఏడుస్తూ నవ్వింది. లచ్చవ్వ పసుపు చీరలు ఇస్త్రీ చేసేది మల్లయ్యేనని నాకు తర్వాత తెలిసింది. మాట్లాడింది అమ్మవారా, లచ్చవ్వా అని మీరు అడుగుతారేమో. నేను ఆరా తీయలేదు. ఎవరు మాట్లాడినా న్యాయమే మాట్లాడారు.

కానుగ

దుకాణం వైపు కొమ్మలన్నీ తీయించాం. గట్టిగా ఉన్న వైపు కొమ్మలు ఉంచాం కాబట్టి బండికి నీడ మిగిలింది. బోరింగు దగ్గర వేపమొక్క నాటాం. మేకలు తినకుండా సేటు కంప కట్టించాడు. నీళ్లు పోసే బాధ్యత ఎవరూ అడగకుండానే ఎల్లవ్వ తీసుకుంది. ఒక మొక్కకు అన్ని నీళ్లు పోయకూడదని నేను చెప్పాల్సి వచ్చింది.

రూలు ప్రకారం రెండో మొక్క కూడా ఉంది కదా. దాన్ని ఇస్త్రీ బండి పక్కనే నాటుదామని ఖాదర్ సాబ్ అన్నారు. ఇంకో వేప తెస్తానంటే ఎల్లవ్వ రెండు చేతులూ అడ్డం పెట్టింది. మళ్లీ ఎవరైనా వచ్చి బొట్టు పెడతారని ఆమె భయం. నవ్వుకుని కానుగ తెచ్చాను. ఆకు దట్టంగా ఉంటుంది, మేకలు అంతగా ముట్టవు, దానికి బోనం ఎత్తినవాళ్లను నేనెక్కడా చూడలేదు.

కొన్ని వానాకాలాలు గడిచాక ఒక శ్రావణంలో కొలత చూశారు. బోనం ఎత్తుకున్నది ఎల్లవ్వే. కుండ మీద దీపంతో ఆమె వేపమొక్క పక్కన నిలబడితే, కొన చిగురు దీపాన్ని దాటి ఉంది. డప్పులతో అమ్మవారి రాయిని అక్కడికి తీసుకువెళ్లారు. పాత చెట్టును కొట్టడానికి ఈసారి ఎవరూ వెనకాడలేదు. మొదలు నేల మీద పడ్డాక చూస్తే, లోపల మనిషి కూర్చునేంత ఖాళీ ఉంది. నేను మొదట చెప్పింది నిజమే కదా సార్ అన్నాడు సేటు. నిజమేనని ఖాదర్ సాబ్ ఆయనకు అందరి ముందూ చెప్పారు. ఆ మాట అప్పుడే చెప్పి ఉండాల్సిందని కూడా అన్నారు.

చెట్టు పోయాక బజారంతా ఎండ పరుచుకుంది. కానుగ నీడ అప్పటికి మల్లయ్యకూ బండికీ సరిపోయింది. ఎల్లవ్వ ఆ ఒక్క ఎండాకాలం నెత్తిన కొంగు కప్పుకుని బయటే నిలబడి మడతలు పెట్టింది.

ఆ మరుసటి ఏడు నేను అటుగా వెళ్లినప్పుడు, గల్లీలోకి కొత్తగా కాపురానికి వచ్చిన ఒకావిడ పసుపు గిన్నె పట్టుకుని కానుగ ముందు నిలబడి, వంగబోతోంది. ఎల్లవ్వ ఇస్త్రీ పెట్టె చేతిలో పట్టుకునే గబగబా అడ్డం వచ్చింది.

"చెల్లే, అమ్మ గా బోరింగు కాడ ఉన్నది. గాడికి పో. ఇది ఉత్త చెట్టు. నీడకు పెట్టుకున్నం."

ఆవిడ తడబడి అటు వెళ్లిపోయింది. మిట్టమధ్యాహ్నం, ఎండ నిప్పులు చెరుగుతోంది. ఎల్లవ్వ, మల్లయ్య ఇద్దరూ నీడలోనే ఉన్నారు.